మూత్రం సీసా ఆత్మకథ

ముక్కు మూసుకోకండి. ఆసుపత్రిలో నన్ను పారబోసేవాళ్లే తప్ప పదిలంగా పట్టుకున్నవాళ్లు లేరు. 1941 ఫిబ్రవరిలో మాత్రం నా దశ తిరిగింది.

ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ ఇన్‌ఫర్మరీలో ఆల్బర్ట్ ఆలెగ్జాండర్ అనే 43 ఏళ్ల పోలీసాయన ముఖం నిండా చీముగడ్డలతో మంచం పట్టాడు. ఒక కన్ను తీసేశారు. సల్ఫా మందు పనిచేయలేదు. 12వ తేదీన కుర్ర డాక్టరు చార్లెస్ ఫ్లెచర్ ఆయన నరంలోకి 200 మిల్లీగ్రాముల పెనిసిలిన్ ఎక్కించాడు. ఆపైన మూడు గంటలకోసారి 100. సగానికి పైగా మలినమే ఉన్న ఆ పొడికే, మర్నాటికల్లా మనిషి తేరుకున్నాడు.

చిక్కల్లా మూత్రపిండాలతోనే. రక్తంలోని పెనిసిలిన్ అరగంట తిరిగేసరికి సగమవుతుంది. పోయిందంతా ఎక్కడికి? చాలావరకు చెక్కుచెదరకుండా నాలోకే! అందుకే ఫ్లెచర్ పొద్దున్నే సైకిలెక్కి నన్ను డన్ స్కూలు ప్రయోగశాలకు మోసుకెళ్లేవాడు. అక్కడ నాలోంచి మందు రాబట్టి మళ్లీ ఆ మనిషికే ఎక్కించేవారు. ద్రవంలో మందు ఎంతుందో తేల్చడానికి నార్మన్ హీట్లీ ఒక పద్ధతి కనిపెట్టాడు: క్రిములు చల్లిన పళ్లెంలో చిన్న గొట్టాలు నిలిపి, వాటిలో ఆ ద్రవం పోసి, చుట్టూ క్రిమి మొలవని వలయం ఎంత వెడల్పుందో కొలవడం.

మోతాదు ఒకేసారి గుమ్మరిస్తే సరిపోదా అంటారేమో. పెనిసిలిన్ దగ్గర ఆ పప్పులుడకవు. క్రిమి తన గోడ కట్టుకునే వేళ అడ్డుపడటమే దాని విద్య. కనుక రక్తంలో కావలసిన పాళ్లకు తగ్గకుండా ఎన్ని గంటలు నిలిచిందన్నదే లెక్క. పాళ్లు మరీ పెంచినంత మాత్రాన వేగం పెద్దగా పెరగదు. జెంటమైసిన్ వరస వేరు; దానికి ఎక్కిన ఎత్తే బలం, అందుకే చాలామందికి రోజుకొక్క ఇంజెక్షన్‌తో సరిపెడతారు.

నాలోంచి ఎంత పిండినా పోసినంత తిరిగి రాదు కదా. అయిదు రోజులకు నిల్వ అడుగంటింది. క్రిములు మిగిలే ఉన్నాయి, గడ్డలు తిరగబెట్టాయి. మార్చి 15న ఆయన పోయాడు. తర్వాత డాక్టర్లు చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు, చిన్న ఒంటికి కొద్ది మందే చాలని.

ఇప్పుడైతే ఆ పెనిసిలిన్‌నే బెంజతీన్‌తో జతచేసి కండలోకి పొడుస్తున్నారు. అక్కడినుంచి కొద్దికొద్దిగా, వారాల తరబడి రక్తంలోకి దిగుతుంది. గుండెకు కీళ్లవాతపు జ్వరం తగిలిన పిల్లలకు తెలుగునాట మూడు వారాలకోసారి వేసే పెనిడ్యూర్ అదే. సైకిలూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. నొప్పి సంగతి మాత్రం ఆ పిల్లల్నే అడగండి.