వీరయుగమా, అంతా నీ చలవే

వీరయుగమా, నిన్ను పొగడాలంటే భద్రాచలాన్ని మించిన చోటు లేదు. పన్నెండేళ్లు ఖైదులో మగ్గాడని చెప్పుకునే రామదాసు, అంటే గోపన్న, తాను కొలిచిన దేవుణ్నే దెప్పాడు, దెబ్బలాడాడు, అదీ భక్తేనని లోకం చేత ఒప్పించాడు. ఆయన తిట్టింది ప్రేమతో. నేను పొగిడేదీ ప్రేమతోనే. నీ కథలు వింటూ పెరిగినవాణ్ని. ఈ నేలకు నువ్వేం చేశావో ఎదురుగా నిలబడి చెప్పకపోతే నా రుణం తీరదు.

ముందు నీ వయసును పొగడాలి. ఏ కాలంవాళ్లు వెతికినా నువ్వు అప్పటికే గడిచిపోయి ఉంటావు. క్రీస్తుకు సుమారు 700 ఏళ్ల ముందు గ్రీకు కవి హెసియోడ్ మనుషుల కథను బంగారు, వెండి, కంచు, ఇనుప యుగాలుగా చెబుతూ, కంచుకూ ఇనుముకూ నడుమ ఏ లోహం పేరూ లేని ఒక యుగాన్ని నీకోసమే ఇరికించాడు. ట్రాయ్ కోట ముందు పోరాడినవాళ్లు నీవాళ్లు. తాను మాత్రం ఇనుప కాలంలో పుట్టానని వాపోయాడు. మనవాళ్లు కృత త్రేతా ద్వాపరాలను పెద్దలకిచ్చి కలిని తమకు ఉంచుకున్నారు. 1912లో పండితుడు హెచ్. ఎం. చాడ్విక్ గ్రీకు వీరగాథలనూ ఉత్తర ఐరోపా గాథలనూ పక్కపక్కన పెట్టి నీ పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. గొప్పవాళ్లు అప్పుడే పుట్టారు, ఇక పుట్టరు అని ఇన్ని జాతుల చేత ఒప్పించగలిగావు. ఇప్పుడున్నవాళ్ల నుంచి ఏమీ అడగనక్కర్లేదని ఇంత మెత్తగా నచ్చజెప్పగల శక్తి నీకు తప్ప మరెవరికీ లేదు.

మా మన్యానికి నువ్విచ్చినంత గౌరవం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. పర్ణశాల దగ్గర వాగులో రాళ్ల మీది చారలు సీతమ్మ చీర ఆరేసిన గుర్తులయ్యాయి. జటాయువు పడిన చోటు ఏటపాక అన్నారు. ఖరదూషణుల వెంట వచ్చిన పద్నాలుగు వేల మంది రాక్షసులు హతమైంది దుమ్ముగూడెంలో అన్నారు. ఒక్క రాతినీ ఒక్క పక్షినీ నువ్వు చిన్నచూపు చూడలేదు. ఆ పద్నాలుగు వేల మందికి ఊళ్లున్నాయా, వాళ్ల పిల్లలు ఏమయ్యారు అని మాత్రం ఎవరినీ అడగనివ్వలేదు. చచ్చినవాళ్ల లెక్క ఇంత కచ్చితంగా ఉంచి ఒక్కరి ఊరూ చెప్పకుండా కథ నడపడం నీకే చేతనవుతుంది.

పోకల దమ్మక్కను నువ్వు మర్చిపోలేదు. అందుకు నమస్కారం. పుట్టలోని విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన ఆ గిరిజన స్త్రీ పేరు ఈనాటికీ భద్రాద్రిలో వినిపిస్తుంది. స్థలపురాణంలో మొదటి పుట ఆమెది. ఆ తర్వాతి పుటలన్నీ గోపన్నవి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఆయన వసూలు చేసిన శిస్తుతోనే గుడి లేచింది. ఆరు లక్షల వరహాలంటారు. రామలక్ష్మణులే రాత్రికి రాత్రి గోల్కొండకు వెళ్లి తానీషాకు ఆ సొమ్ము చెల్లించారని కథ. ఎంత గొప్ప చెల్లింపు! రాజు బాకీ చిల్లిగవ్వతో సహా తీరింది. ఆ శిస్తు కట్టిన పరగణా రైతులు ఆ రాత్రి ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో నీ కథలో లేదు.

అసలు నీ ఘనత చూడాలంటే మన్యం పితూరీల్లో చూడాలి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి, గోదావరి జిల్లాలోకి వచ్చాయి. అప్పటిదాకా రేకపల్లి సీమలో పోడు పన్ను గొడ్డలికి నాలుగణాలు. ఒక మనిషి ఒక గొడ్డలితో ఎంత సాగుచేసుకోగలిగితే అంత. మద్రాసు దొరలు దాన్ని దాదాపు మూడింతలు చేశారు, కొన్ని చోట్ల పోడే కూడదన్నారు. అటు రంప కొండల్లో సొంతానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడింది. 1879 మార్చిలో రంప లేచింది. జులైకి అంబుల్ రెడ్డి వెంట రేకపల్లి కదిలింది. ఇది కడుపు లెక్క. అణాల్లో చెప్పగలిగిన లెక్క. నువ్వు అణాలను ముట్టవు. అందుకే అంబుల్ రెడ్డి పేరు భద్రాచలంలో నలుగురిని అడిగితే నలుగురికీ తెలియదు.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడులు చేసిన అల్లూరి సీతారామరాజును నువ్వు చేతులారా ఎత్తుకున్నావు. ఎత్తుకోవలసిన మనిషే. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన వెంట నడిచినవాళ్ల గోడు మాత్రం రోడ్డు పనిలో ఎగ్గొట్టిన కూలి, అడవిలో పోడుకూ మేతకూ పెట్టిన ఆంక్షలు. నువ్వు కూలి డబ్బు పక్కనపెట్టి విల్లు దాచావు. గాం గంటందొరను, గాం మల్లుదొరను పక్క పాత్రలు చేశావు. మల్లుదొర అండమాన్ జైలు నుంచి బతికొచ్చి, 1952 ఎన్నికల్లో గెలిచి, తొలి లోక్‌సభలో కూర్చున్నాడు. స్టేషన్ మీద దాడికి వెళ్లినవాడు చట్టం చేసే చోటికి చేరిన ఈ కథ నా కంటికి ఏ యుద్ధానికీ తీసిపోదు. నీకు పనికిరాలేదు. బతికి, వయసు మీదపడి, ఓట్లు అడిగినవాడు నీ కొలతకు చాలడు.

విజ్ఞానశాస్త్రంలోనూ నీ దయ ఇంతే. భద్రాద్రికి నడిచివెళ్లే యాత్రికులు ఇల్లెందు దగ్గర పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు రాజుకున్నాయని మా వైపు చెప్పుకుంటారు. భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో ఆ బొగ్గును నమోదు చేశాడు. సింగరేణిలో ఒక పొర నేటికీ కింగ్ సీమ్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. పది దోమలకు పది అణాలు. క్వాంటం సిద్ధాంతం రూపుకట్టిన రోజులను ఓపెన్‌హైమర్ 1953 రేడియో ప్రసంగాల్లో వీరకాలమన్నాడు. ఆ వెంటనే, అది ఏ ఒక్కరి పనీ కాదు, ఎన్నో దేశాలవాళ్లు కలిసి చేసిన పని అన్నాడు. నీ భక్తులు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. రాస్ విజయానికి నూరేళ్లు దాటినా మా ఏజెన్సీ గూడేల్లో చలిజ్వరం ఉంది. వానాకాలం వాగు దాటి వెళ్లి గాజుపలక మీద రక్తపు చుక్క తెచ్చే ఆశా కార్యకర్త నీ కాలం దాటాక పుట్టింది కాబట్టి ఆమె నెల పారితోషికం సంగతి మేం తాపీగా మాట్లాడుకోవచ్చు. నువ్విచ్చిన వెసులుబాటే.

2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాముడి గుడి తెలంగాణలో ఉండిపోయింది, జటాయువు పడిన ఏటపాక అటు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో అక్కడ అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఏటపాక, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు అప్పట్లో అందులో చేరాయి. ఆ జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచి ఆ మండలాల ఊళ్లను ముంచింది. పోలవరం జలాశయం 45.72 మీటర్లకు నిండితే ఆ ముంపుకు ఏటా వానల కోసం ఎదురుచూడనక్కర్లేదు. గొడ్డలి పన్ను మీద తిరగబడిన రేకపల్లి వి.ఆర్.పురం మండలంలోనే ఉంది. పోడు కోసం చనిపోయిన మనిషి పేరు జిల్లాకు పెట్టి, ఆ పోడు భూములను నీళ్లకు అప్పగించడం ఒకే చేత్తో జరిగింది. ఎవరికీ సిగ్గనిపించలేదు. అంత ధైర్యం నీ పేరు చెప్పుకుంటేనే వస్తుంది.

ఇప్పుడు గుత్తికోయల సంగతి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం మొదలయ్యాక, రెండు తుపాకుల నడుమ నలిగిన ఆ గిరిజన కుటుంబాలు సరిహద్దు దాటి మా అడవుల్లోకి వచ్చాయి. గుడిసెలు వేసుకున్నాయి. పోడు కొట్టాయి. అటవీశాఖ ఆ గుడిసెలు పీకించిన సందర్భాలున్నాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో, ప్లాంటేషన్ దగ్గర గుత్తికోయలతో జరిగిన గొడవలో, విధుల్లో ఉన్న ఒక ఫారెస్టు రేంజి అధికారిని నరికి చంపారు. ఘోరం. ఆ ఇంటి దుఃఖానికి సమాధానం లేదు. నువ్వు మాత్రం ఆ సాయంత్రానికే వీరుణ్ని ఒక పక్క, రాక్షసులను ఒక పక్క నిలబెట్టేశావు. ఇన్నేళ్లుగా ఆ నేల ఎవరిదో తేల్చనిది ఎవరన్న ప్రశ్న మళ్లీ వెనక్కి పోయింది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్నవాళ్లకు హక్కు. తర్వాత వచ్చినవాళ్లకు లేదు. గుత్తికోయలకు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు లేదు కనుక, ముందే వచ్చినవాళ్లు కూడా ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో బతికినట్టు చూపాలి. త్రేతాయుగంలో ఇదే అడవికి ఇల్లూ రాజ్యమూ పోగొట్టుకుని ముగ్గురు వచ్చారు. ఆకులతో గుడిసె వేసుకున్నారు. వాళ్ల వనవాసం మొత్తం 14 ఏళ్లు. ఈ చట్టం ముందు వాళ్ల దరఖాస్తు కూడా నిలవదు.

వీరయుగమా, బాణాలూ విగ్రహాలూ మాకు చాలినన్ని ఇచ్చావు, ఇంక వద్దు. ఆ ముగ్గురినీ ఈ అడవి ఏ కాగితమూ అడగకుండా ఉండనిచ్చింది చూడు, ఆ మర్యాద ఒక్కటి మా కాలానికి పంపు. ముందుగా, సరిహద్దుకు ఇవతల పుట్టి ఇక్కడే బడికెళుతూ కుల ధ్రువపత్రం అందని గుత్తికోయ పిల్లలకు.