లైన్ పోతే లండన్‌కు ఏం చెప్పాలి?

2020 జనవరి 7న వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచినప్పుడే అనుకున్నాను, అక్కడిదాకా వచ్చిన పని మా ములుగుకు రాకపోదని. వచ్చింది. వాళ్ల పని కాదు లెండి, వేరేవాళ్లది. లండన్‌లో ఒక కంపెనీ తన బ్రాంచీల నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే పనిని హైదరాబాద్‌లో ఒకరికిచ్చింది. వాళ్లు హన్మకొండలో ఒకాయనకిచ్చారు, ఆయన నాకిచ్చాడు. మూడు చేతులు మారిన పాలలో పాలెన్ని అని అడగకూడదు. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకు నా అనుభవం కొద్దీ నాలుగు ముక్కలు.

ఎస్ఎల్ఏ, అంటే నెలలో లైన్ ఎంతసేపు ఉంటుందో మాటిచ్చే కాగితం. దానిమీద సంతకం పెట్టండి, చదవకండి. చదివితే లెక్కలు మొదలవుతాయి. ముప్పై రోజుల నెలకు 43,200 నిమిషాలు. 99.99 శాతం లైన్ ఉంటుందని రాసిస్తే, నెల మొత్తం మీద పోవడానికి మీకు మిగిలేది నాలుగు నిమిషాల చిల్లర. అయినా బేరమాడుతున్నారా? ఇంకో తొమ్మిది తగిలించండి, తొమ్మిదికి పైసా ఖర్చు లేదు. అప్పుడు 26 సెకన్లు. మా ఆఫీసు ఇన్వర్టర్ ఆవులించి లేవడానికే అంత పడుతుంది.

రెండు లైన్లు ఉండి తీరాలంటారు. రెండు వేర్వేరు కంపెనీల దగ్గర తీసుకుని, రెండు బిల్లులూ స్కాన్ చేసి పంపండి. ఆ కేబుళ్లు ఏ దారిన వస్తున్నాయని మాత్రం ఎవర్నీ అడగొద్దు. నేనూ అడగలేదు. చలికాలం ఒక సాయంత్రం ఆరింటికి, అంటే లండన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు, రెండూ ఒక్కసారే పోయాయి. బండేసుకుని వెళ్తే, గట్టమ్మ గుడి దాటాక రోడ్డు పక్కన జేసీబీ ఆగి ఉంది. ఒకే ట్రెంచ్‌లోంచి లేచొచ్చిన రెండు నల్ల పైపులు దాని పళ్లకు వేలాడుతున్నాయి. "నాకేం తెల్సు సార్, ఆడ బోర్డు లేకపాయె" అన్నాడు డ్రైవర్.

స్ప్లైసింగ్ చేసే, అంటే తెగిన పోగులు అతికే అబ్బాయి తొమ్మిదింటికి వచ్చాడు. గుంతలో గోనెసంచి పరుచుకుని, దుమ్ము పడకుండా గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ... ఒక్కో పోగును స్పిరిట్‌తో తుడిచి, కోసి, మెషిన్‌లో పెట్టడం. వెంట్రుకంత సన్నం. రెండు కేబుళ్లలో కలిపి నలభై ఎనిమిది పోగులు. నేను ఒక చేత్తో సెల్ లైట్ పట్టుకుని, రెండో చేతిలో ఫోన్‌లో కాన్ఫరెన్స్ కాల్. అందులో పదకొండు మంది. పదకొండు మందీ అడిగేది ఒకటే, ఈటీఏ ఎంత, అంటే లైన్ ఎప్పటికొస్తుంది? ఇలాంటప్పుడు "అరగంట" అనండి. అరగంటయ్యాక మళ్లీ "అరగంట" అనండి. నేను ఏడుసార్లు అన్నాను.

షిఫ్టుల రోస్టర్ ఏడాదికొకసారి గోడకు అంటిస్తే చాలు. మార్చి చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారం గంట ముందుకు జరిగితే అది వాళ్ల గోల.

కొత్త సైట్ కటోవర్‌కు, అంటే పాత లైన్ నుంచి కొత్తదానికి మారడానికి మాత్రం మేడారం జాతర వారాన్ని మించిన ముహూర్తం లేదు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరప్పుడే మేం పెట్టుకున్నాం. టీమ్‌లో సగం మంది ఎత్తుబంగారంతో తాడ్వాయి దారిలో ఉన్నారు. ఫోన్ కంపెనీలు తాత్కాలిక టవర్లు నిలబెట్టినా అంత జనంలో కాల్ కలవడం అమ్మవార్ల దయ. "సెలవెందుకు, ఏ పండగ?" అని లండన్ నుంచి మెయిల్. సమ్మక్క వనదేవతని, గద్దెకు రాకుండా మా ఊళ్లో కటోవరేమిటని ఇంగ్లిషులో రాయబోయి మానేశాను. "లోకల్ ఈవెంట్" అని రాశాను.

ఆఖరున ఆర్ఎఫ్ఓ, అంటే లైన్ ఎందుకు పోయిందో రాసిచ్చే సంజాయిషీ. దీంట్లో నిజం రాస్తే అర్థం కాదు. అదే ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో సీకామ్, ఏఏఈ-1, ఈఐజీ కేబుళ్లు దెబ్బతిన్నాయి. మాకది వరం. తరవాత రెండు నెలలు ములుగులో కరెంటు పోయినా ఎర్రసముద్రమే. లండన్ వాళ్లకు యెమెన్ తెలుసు, గట్టమ్మ తెలియదు కదా.

మొన్న ఆ స్ప్లైసింగ్ అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్, ఆ రాత్రి పైసలు ఇంక రాలే." నేను హన్మకొండ ఆయన్ని అడిగాను, ఆయన హైదరాబాద్‌ను అడిగాడు, హైదరాబాద్ వాళ్లు లండన్ పెనాల్టీ కోసిందన్నారు. ఇలాంటి ఫోన్లు మీకూ వస్తాయి. కంగారు పడకుండా ఒక టికెట్ నంబర్ ఇచ్చి పెట్టేయండి. ఈటీఏ అడిగితే అరగంట అనండి.