ఉద్దానం స్పోర్ట్స్ కారు

లక్షా నలభై వేలట. మొన్నటిదాకా లక్షా ఇరవై. ఈ మధ్యలో బండికి ఏం జరిగిందయ్యా అంటే, ఏమీ జరగలేదు. అదే కొబ్బరాకుల పాక, అదే గోనెపట్టా, సీటు మీద అదే కోడి. రేటు మాత్రం ఇరవై వేలు ముందుకు కదిలింది. బండి కదిలి ఎన్నాళ్లయిందని అడిగితే ఎవరూ పలకరు.

యమహా ఆర్ఎక్స్ 100 గురించి అని మళ్లీ వేరే చెప్పాలా? పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేటల్లో నలభై దాటిన మగవాణ్ణి ఎవరినైనా ఆపి ‘ఆర్ఎక్స్’ అనండి. ఆయన కళ్లు ఒక్కసారి అరమోడ్పులవుతాయి. కుడికాలు దానంతటదే కాస్త పైకి లేస్తుంది.

మా బ్రోకరుకి పగలు జీడి పిక్కల వ్యాపారం, సాయంత్రం పాత బళ్ల వ్యాపారం. రెండింట్లోనూ నోరే పెట్టుబడి.

“నిన్నటి రేటు నిన్నటిదే మేష్టారూ. ఐదరాబాదు నుంచి ఫోనొచ్చీసింది. బెంగులూరు కుర్రోళ్లు లొకేషన్ పంపమంటన్నారు.”

“లొకేషనేమిటోయ్, అది కోళ్ల పాక కదా!”

“అదే కావాల ఆలకి. కోడితో సహా ఫొటో పెట్టమన్నారు.”

కోడికి విడిగా రేటు కట్టారేమోనని అడగబోయి ఊరుకున్నాను. కడితే అదీ నాకు అందదు.

ఆ బండి సంగతేమిటో ఈ తరానికి కాస్త చెప్పాలి. 1985 చివర్లో ఎస్కార్ట్స్ వారు యమహాతో కలిసి దాన్ని మన దేశంలో దింపారు. 98 సీసీ ఇంజను, 11 గుర్రాల బలం, ఒళ్లు చూస్తే వంద కిలోల చిల్లర. వచ్చిన కొత్తలో ఖరీదు ఇరవై వేల లోపే. టూ స్ట్రోకు ఇంజను కాబట్టి పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగేది, తాగినందుకు రుజువుగా పొగ వదిలేది. ఆ పొగ మీద ప్రభుత్వం నిబంధనలు బిగించుకుంటూ వచ్చింది. 1996లో తయారీ ఆగిపోయింది. అప్పట్లో నాకు మేష్టరు ఉద్యోగం, సైకిలు ప్రయాణం. జీడి మిల్లు వారబ్బాయి ఆర్ఎక్స్ వేసుకుని నన్ను దాటితే ముందు బండి వెళ్లేది, దాని వెనక చప్పుడు వెళ్లేది, ఆ వెనక పొగ వెళ్లేది, అన్నిటికంటే చివర దగ్గుకుంటూ నేను వెళ్లేవాణ్ణి. ఇప్పుడు పింఛను వస్తోంది కదా, నేనూ ఒకసారి ముందు వెళ్దామని ఆశ పుట్టింది. ఆశ పుట్టిన ముహూర్తానికే రేటుకి రెక్కలు పుట్టాయి.

ఇది ఉద్దానానికే పట్టిన పిచ్చి అనుకుంటే పొరపాటు. జర్మనీ వాళ్ల పోర్షే 911 అనే స్పోర్ట్స్ కారు ఉంది. దానికి మొదట్లో గాలితో చల్లబడే ఇంజను ఉండేది. ఆ గాలి ఇంజన్ల కాలం 1998తో చెల్లిపోయింది. చెల్లిపోయాక పాతవాటి రేట్లు ఆకాశాన్నంటాయి. మన ఆర్ఎక్స్‌ది కూడా గాలి ఇంజనే, ఆగిపోయింది కూడా ఆ రోజుల్లోనే. అక్కడా ఇక్కడా ఒకటే లెక్క: ఇక రాదని తెలిసిన వస్తువు మీదే మనిషికి మనసు పోతుంది. 2022లో మెర్సిడెస్ వారు తమ దగ్గర రెండే ఉన్న 1955 నాటి రేసు కూపేల్లో ఒకదాన్ని 13.5 కోట్ల యూరోలకు అమ్మారు. మన డబ్బులో పదకొండు వందల కోట్ల పైమాట. పోనీ అవి లోకం మొత్తానికి రెండే. ఆర్ఎక్స్ అలా కాదు కదా! మందస నుంచి మూలపేట దాకా ఏ ఊళ్లో పాక తడక తీసినా ఒకటి బయటపడుతుంది. అయినా ప్రతివాడూ తనది ఆ రెండింట్లో ఒకటన్నట్టే మాట్లాడతాడు.

రేటు పెరగడానికి కారణాలు వెతికితే 2018 దగ్గర ఆగాలి. ఆ ఏడాది మాకు రెండు తుఫానులు. జులైలో ‘ఆర్ఎక్స్ 100’ అనే సినిమా, అక్టోబరులో తిత్లీ. రెండోది 11వ తేదీ తెల్లవారుజామున మా పలాస దగ్గరే తీరం దాటి, కొబ్బరి తోటల్ని, జీడి తోటల్ని కూకటివేళ్లతో పడుకోబెట్టి పోయింది. మొదటిది మూలపడిన బళ్లను లేపి కూర్చోబెట్టింది. పడిపోయిన చెట్లకు నష్టపరిహారం లెక్కలు తేలేలోగా లేచిన బళ్లకు రేట్లు తేలిపోయాయి. ఆ తర్వాత యమహా వారు ఆ పేరుతో మళ్లీ బండి తెస్తామన్నారు. కొత్తది వస్తుందంటే పాతది తగ్గాలి కదా, న్యాయానికి? మా బ్రోకరు ఆ వార్త పేపర్లో చూసి అయిదు వేలు పెంచాడు. రాదని తేలితే ఇంకో అయిదు పెంచుతాడట.

అసలు నా బాధ రేటు గురించి కాదు, రేటుకి తలా తోకా లేకపోవడం గురించి. ఇది జీడిపప్పు ఊరు. మాకు గ్రేడు లేకుండా రేటు చెబితే ఒంటికి పడదు. పలాస బజార్లో ఎవడైనా వచ్చి ‘పప్పు కిలో ఎంత?’ అన్నాడంటే వాడు పై ఊరివాడని అర్థం. ఊరివాడైతే ‘మూడు వందల ఇరవై ఎంత, రెండు వందల నలభై ఎంత?’ అంటాడు. అంటే పౌనుకి తూగే గింజలన్నమాట. 320 అయితే మూడు వందల ఇరవై దాకా తూగుతాయి, 180 అయితే నూట ఎనభై దాకానే. అంకె తగ్గేకొద్దీ గింజ లావు, గింజ లావయ్యేకొద్దీ ధర లావు. లెక్కల మేష్టరుగా ఈ సంగతి మూడో తరగతి పిల్లలకు చెప్పబోయి, చిన్న అంకె పెద్దదెలా అవుతుందండీ అని వాళ్లు నిలదీస్తే గంట కొట్టించుకుని బయటపడ్డాను.

ఇదే పద్ధతి ఆర్ఎక్స్‌లకు పెడితే ఎంత బాగుంటుంది! తెల్ల గుండు 180: ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరని బండి. దీని గురించి వినడమే గాని చూసినవాడు లేడు. చూశానన్నవాడు కూడా వాళ్ల మావయ్య చూశాడనే అంటాడు. 240: ఒకసారి రంగు వేయించినా ట్యాంకు అసలుది. 320: నడుస్తుంది, పిలిస్తే పలుకుతుంది, అంతకుమించి అడగకూడదు. ఆ తర్వాత కాలిన గుండు: గింజ నిండుగానే ఉంటుంది గాని వేపుడులో రంగు మారిపోయింది. అంటే పిస్టను ఒకసారి పట్టేసిన బండి. ఆ తర్వాత బద్ద. ఇక్కడ కొంచెం తేడా ఉంది. జీడిపప్పులో రెండు బద్దలూ ఒక తల్లి బిడ్డలే. ఆర్ఎక్స్ బద్దలో ముందు సగం 100, వెనక సగం 135, మధ్యలో సీటు బరంపురంలో కుట్టించింది. ఆ కిందది ముక్క: ఉత్త ట్యాంకు, ఉత్త సైలెన్సరు, ఉత్త హెడ్‌లైటు. వీటికీ ఇప్పుడు విడిగా గిరాకీ ఉంది. అన్నిటికంటే కింద నూక, ఎగుమతి వాళ్ల భాషలో బేబీ బిట్స్: పక్క డబ్బా మీద ‘ఆర్ఎక్స్’ అని స్టిక్కరు. అంతే. దాన్నీ అమ్మేవాణ్ణి చూశాను, కొన్నవాణ్ణి కూడా చూశాను. వాళ్లిద్దరి ముఖాల్లో ఆనందం ఒక్కలాగే ఉంది.

ప్యాకింగు కూడా ఆలోచించాను. ఎగుమతి పప్పుని 11.34 కిలోల చొప్పున, అంటే పాతిక పౌన్లు, టిన్నుల్లో పోసి, గాలి తీసి కార్బన్ డయాక్సైడ్ నింపి మూత బిగించేవారు. ఆర్ఎక్స్‌కి ఆ ఖర్చు ఉండదు. టిన్నులో పెట్టి ఒక్క కిక్కు కొడితే నింపాల్సిందేదో అదే నింపుకుంటుంది. ఇక గ్రేడింగు ఎవరు చేయాలంటారా? మా మిల్లుల్లో తట్టల ముందు కూర్చుని పప్పు ఏరే ఆడవాళ్లు ఉన్నారు చూడండి, వాళ్లు. చేతులు ఎటు పోతున్నాయో కంటికి అందదు, గింజ మాత్రం పోవలసిన తట్టలోనే పడుతుంది. వాళ్లలో ఒకావిణ్ణి తీసుకెళ్లి మా బ్రోకరు ‘ఫుల్ ఒరిజినల్’ ముందు నిలబెడితే, కబుర్లు ఆపకుండానే, “ముక్క” అని పక్కకి గిరాటేస్తుంది. బండినో బ్రోకరునో మాత్రం నేను చెప్పలేను.

ఇవన్నీ మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టి, “లక్షన్నర పోసి పొగ కొంటారేటండీ? ఆ డబ్బుకి కొత్త బండి, దాని మీద వేసుకోడానికి కొత్త రైన్‌కోటు, మీకు పళ్ల సెట్టు, అన్నీ వస్తాయి” అంది. పళ్ల సెట్టు మాట అవసరం లేదు. కాని మిగతాది నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. షోరూముల్లో రేట్లు తగ్గాయి. పాకల్లో తగ్గలేదు. సరికదా, అంతకు నెల ముందే ఇరవై ఏళ్లు దాటిన బైకు రిజిస్ట్రేషను రెన్యువల్ ఫీజు రెండు వేలు చేశారు. పాత బండి వదిలించుకోండర్రా అని ప్రభుత్వం మొత్తుకుంటుంటే, వదిలించుకునేవాడు కనపడితే చాలని ఇటు జనం క్యూ కట్టారు. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ హోదా ఇస్తామని రూలు కూడా ఉంది. ఆ లెక్కన తొలి ఆర్ఎక్స్‌లకి 2035లో ఆ యోగం పడుతుంది. అప్పటి రేటు ఊహించడానికి కూడా పింఛను చాలదు.

ఇక బ్రోకరుతో పని కాదని ఆ పాక యజమాని దగ్గరికి నేనే వెళ్లాను. వజ్రపుకొత్తూరు దాటాక, ఇసక దారి, తోటల మధ్య ఇల్లు. పెద్దాయన కొబ్బరి బొండాం కొట్టి ఇచ్చాడు. అరుగు మీద జీడి పిక్కల బస్తాలు నిలవున్నాయి. పిక్కలు కొనేవాడు రాలేదా అన్నాను. వచ్చాడట, వాడు చెప్పిన రేటుకి ఇయ్యబుద్ధి కాలేదట. ఎనభై కిలోల బస్తాకి పదహారు వేలు ఇప్పించమని ఉద్దానం రైతులు ధర్నాలు చేసీ చేసీ గొంతులు పోగొట్టుకున్నారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో పిక్కలు దిగుతుంటే మిల్లులకు మా తోటతో ఏం పని?

బండి మాట ఎత్తాను. “లక్షా నలభై” అన్నాడు. ఎందుకంత అన్నాను. ఆయన నవ్వాడు.

“పిక్కల రేటు ఎవులు చెప్తారు మేష్టారూ? మిల్లోళ్లు. కొబ్బరికాయ రేటు? లారీ ఏసుకొచ్చినోడు. మా గుంటడు గుజరాతు యెల్లి బోటు మీద పని చేస్తన్నాడు, ఆడి కూలి రేటు బోటోళ్లు చెప్తారు. నాను రేటు చెప్తే అవతలోడు నోరు మూసుకుని యినేది ఈ బండి కాడే. ఇది అమ్మీస్తే ఇంకేటి చెప్తాను నాను?”

బేరం ఆడడానికి దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మా తోటల్లో పండేదానికి ఏటా మద్దతు ధర అడుక్కోవాలి. ఎవడో ఎక్కడో ఫ్యాక్టరీలో తయారు చేసి, మూడు దశాబ్దాల కింద మానేసిన ఇనుముకి మాత్రం ఎవరి మద్దతూ అక్కర్లేదు. ఆయన బండి అమ్మడని అర్థమైంది. అడిగించుకోడానికే దాన్ని ఉంచుకున్నాడు. అడగడానికి మనుషులు వస్తూ ఉండాలంటే రేటు పెంచుతూ ఉండాలి. ఈ మాత్రం అర్థశాస్త్రం నాకు బి.ఇడి.లో ఎవరూ చెప్పలేదు.

నాలాగే ఆశ పడినవారికి రెండు ముక్కలు. కొనేముందు ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్‌సీతో సరిచూసుకోండి, రెంటికీ చుట్టరికం లేని బళ్లు చాలా తిరుగుతున్నాయి. ఏపీ 30 నంబరు ఉన్నంత మాత్రాన రెన్యువల్ అయినట్టు కాదు. ఆర్‌సీలో పేరున్న మనిషి ఉన్నాడో పోయాడో కనుక్కోండి. ఉంటే 29, 30 ఫారాలు, పోతే 31. ఉద్దానంలో ఎవరైనా లక్షా నలభై అంటే తగ్గించమని అడక్కండి, ఇష్టమైతే కొనండి, లేకపోతే బొండాం తాగి రండి.

జీడి మిల్లుల వారికి కూడా ఒక మనవి. వచ్చే సీజనులో పిక్కలు కొనడానికి వెళ్లినప్పుడు, ఒక్క బస్తాకైనా సరే, రేటు ముందు ఆ పెద్దాయన్ని చెప్పనివ్వండి.