తాతగారి ఫొటో, నా పొట్ట

మాది జంగ్లీఘాట్. తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండిపోయాడు. ఇల్లు ఆయన కట్టిందే. పొట్ట మాత్రం నా స్వార్జితం. ఆ మాట ఒప్పుకోకుండా చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను.

ఎక్కడో చదివాను: 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనిపెట్టిందని, కొవ్వు కణాల్లో పుట్టే ఆ హార్మోనే మెదడులోని హైపోథాలమస్‌కు ‘నిల్వలున్నాయి, ఇక చాలు’ అని కబురు పెడుతుందని. 2007లో ఎఫ్‌టీఓ అనే జీన్‌కీ బరువుకీ లంకె దొరికింది. ఇంకేం! నాకు లెప్టిన్ తక్కువ, జీన్ చెడ్డది అని తీర్పు రాసేసుకున్నాను. పరీక్షా లేదు, పాడూ లేదు. అన్నం తిన్న గంటకే చిప్స్ పొట్లం చించి, అడుగున మిగిలిన కారప్పొడిని తడి వేలితో అద్దుకు నాకుతూ ‘ఏం చేస్తాం, వంశం’ అనేవాణ్ని. పెళ్లి భోజనాల దగ్గరా ఇదే ఉపన్యాసం. విన్నవాళ్లంతా తలాడించేవాళ్లు. వాళ్లకూ మారు గులాబ్‌జామ్‌కి ఓ సాకు కావాలిగా.

ఓ రోజు మా ఆవిడ గోడ మీది ఫొటో చూపించి, “ఏమండీ, మీ తాతగారివీ అవే జీన్లు కదా, ఆయనకు పొట్టేదీ?” అంది. ఫొటోలో ఆయన పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

ఆవిడ నోరు మూయిద్దామని మళ్లీ చదవబోయి నేనే నోరు మూసుకున్నాను. లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ సాధారణంగా ఎక్కువే ఉంటుందట, మెదడే దాని మాట సరిగా వినదు. పుట్టుకతో లెప్టిన్ లేనివాళ్లు బహు అరుదు. ఇక ఎఫ్‌టీఓ అంటారా, తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా బరువు పెంచే రకమే వచ్చిన యూరప్ జనం, ఆ రకం అసలే రానివాళ్ల కన్నా సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. ఆ మూడూ వంశం ఖాతాలో రాసినా, తక్కినదంతా ఎవరి పద్దు?

2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 20 మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టించాడు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు సమానమే. కావలసినంత తినమన్నాడు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ లాగించారు. మనుషులు వాళ్లే, జీన్లూ అవే.

మా దీవుల్లోనే, కార్ నికోబార్‌లో కొబ్బరి, పాండనస్ పండు, దుంపలు, పంది మాంసం తినేవాళ్ల ఇళ్లకు 2004 సునామీ తర్వాత సాయం పేరుతో బియ్యం, పంచదార వచ్చిపడ్డాయి. వాళ్ల కంచం మారడానికి సముద్రం పొంగాల్సి వచ్చింది. నా కంచంలో మార్పుని నేనే సంచీ పట్టుకుని, బేరమాడి మరీ, అబర్డీన్ బజార్లో కొనుక్కొచ్చుకున్నాను.