అసలు గారు

మారేడుమిల్లి వెళ్లే ప్రతి జట్టులోనూ ఒకాయన ఉంటారు. ఆయన్ని ఎవరూ పిలవరు, ఆయనే అందర్నీ పోగేస్తారు. రాజమండ్రిలో కారెక్కి గోకవరం దాకా ఓపిక పడతారు. అక్కడ టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "బానే ఉంది గానీ, అసలు టీ రంపచోడవరంలో తాగాలండీ" అంటారు. తీరా రంపచోడవరం చేరితే ఆ కొట్టు తీసేసి చాలా కాలమైందని తెలుస్తుంది. ఆయన ఏమీ నొచ్చుకోరు. పైగా పందెం గెలిచినంత తృప్తిగా మన వైపు చూస్తారు. ఇంటిపేరు ఏదైతేనేం, ఈయన్ని అసలు గారు అందాం.

అసలు గారి సిద్ధాంతం చాలా సులువు. మీరు చూస్తున్నది అసలుది కాదు. అసలుది ఇంకాస్త పైనుంటుంది, లేదా పదేళ్ల కిందట ఉండేది. రంప జలపాతం దగ్గర మీరు ఫోను పైకెత్తితే, "ఇదా? ఇది చిన్నపిల్లలకి. జలతరంగిణి చూద్దురుగాని రండి" అంటారు. జలతరంగిణి దగ్గర నిలబెట్టి, "అమృతధార ముందు ఇదెంత?" అంటారు. చింతూరు రోడ్డులో అమృతధార దాకా లాక్కెళ్లి, చెమటలు తుడుచుకుంటూ, "వానాకాలంలో రావాల్సిందండీ" అంటారు. వానాకాలంలో తీసుకొచ్చిన వాళ్లతో, "నీళ్లన్నీ బురద, అసలు కార్తీకంలో చూడాలి" అన్నారని భోగట్టా.

చరిత్రలోనూ ఇంతే. దారిలో ఏ పాత కట్టడం కనిపించినా, "అల్లూరి సీతారామరాజు తొలి దాడి ఇక్కడే" అనేస్తారు. "ఆయ్, అది చింతపల్లి స్టేషనండి. 1922 ఆగస్టు 22న" అంటాడు డ్రైవరు, అద్దంలోంచి వెనక్కి చూస్తూ. అసలు గారు జాలిగా నవ్వుతారు. "అవి రికార్డులోయ్. అసలు సంగతి వేరు."

సాయంత్రానికి పాములేరు ఒడ్డున గుడారాల్లోకి చేరతారు. అసలు గారి వీపున పెద్ద సంచీ, నుదుటికి లైటు, మొలకి పన్నెండు పనులు చేసే చాకు. ఆ చాకు ఇంతవరకు చేసిందల్లా చిప్సు ప్యాకెట్లు చింపడమే. క్యాంపు కుర్రాళ్లు గుడారాలు వేసి, పరుపులు పరిచి, దిండ్లు సర్దుతుంటే ఆయన పెదవి విరుస్తారు. "ఇదీ ఒక క్యాంపింగేనా? మేం వచ్చినప్పుడు ఇక్కడ కరెంటు లేదు, బాత్రూము లేదు, ఏమీ లేదు. అసలు మజా అదీ!" ఆ మజా గురించి ఒక అరగంట చెప్పి, కుర్రాణ్ని పక్కకి పిలిచి మెల్లిగా అడుగుతారు: "బాబూ, వెస్ట్రనేనా? వేడినీళ్లు ఎన్నింటిదాకా వస్తాయి?"

తర్వాత బొంగు చికెన్ దగ్గర తయారవుతారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. చుక్క నూనె వెయ్యరు. పచ్చి బొంగులో ఉన్న తడి, ముక్కలో ఉన్న తడి కలిసి లోపలే ఆవిరై ఉడికిస్తాయి. పైన బొంగు నల్లగా మాడాలి, లోపల ముక్క మాడకూడదు. ఆ కిటుకు తెలిసిన కొండరెడ్ల కుర్రాడు పక్కనే గొంతుక్కూచుని, పొగకి కళ్లు చికిలించి, బొంగుల్ని మెల్లగా దొర్లిస్తుంటాడు.

"అలా కాదోయ్, అసలు పద్ధతి నిలబెట్టి కాల్చడం" అంటారు అసలు గారు.

"మా తాత ఇలాగే కాల్చేవోడండి."

"మీ తాతకి తెలీదు."

మర్నాడు తెల్లారకముందే జీపులెక్కి, పుల్లంగి మీదుగా గుడిసె కొండ మీదికి. పచ్చగడ్డి మెట్టలు, కింద లోయ నిండా మబ్బు, ఆ మబ్బు అంచున సూర్యుడు. అందరూ నోళ్లు తెరిచి చూస్తున్న ఆ ఒక్క నిమిషంలో ఆయన నోరు మూసుకోగలిగితే బాగుండును. "నిన్నటి మబ్బు ఇంకా బాగా పడిందట" అంటారు. జీపు డ్రైవరు వెంటనే, "అవునండి, నిన్న అదిరిపోయిందండి" అంటాడు. నిన్న వచ్చిన వాళ్లతోనూ అతను ఇదే మాట అన్నాడు. అసలు గారు ఉచితంగా చేసే పనిని అతను బేరం కోసం చేస్తున్నాడు, అంతే తేడా.

తేనె కథ కూడా వినాలి. 1956 నుంచి మన్యంలో గిరిజనులు సేకరించిన సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ దుకాణంలో సీసా చూసి, "ఇది డబ్బా సరుకు" అని ముందుకు నడుస్తారు. రోడ్డు పక్కన, లేబులు లేని సీసాలో, రెండు చచ్చిన తేనెటీగలు తేలుతున్న పదార్థం చూడగానే కళ్లు మెరుస్తాయి. "ఇదీ అసలు తేనె!" ఇంటికెళ్లాక వాళ్లావిడ దాన్ని అరిసెల పాకంలో కలిపేస్తుంది. రుచిలో ఏమీ తేడా రాదు, ఎందుకంటే అదీ పాకమే.

ఇన్ని చోట్ల అసలుది వెతికే మనిషి ఒక్క చోట మాత్రం లొంగిపోతారు. 2021లో వచ్చిన 'పుష్ప' సినిమా శేషాచలం అడవుల కథ. దాన్ని చాలావరకు తీసింది ఈ మారేడుమిల్లి అడవిలో. ఆ చెట్ల మధ్యకి రాగానే అసలు గారు ఒక భుజం పైకెత్తి, గడ్డం కింద చెయ్యి తిప్పి ఫొటో దిగుతారు. ఈ అడవి ఆ అడవి కాదని తెలిసీ అసలు అన్న మాట ఎత్తరు.

ఆ ఫొటో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. కింద రాత: "ఈ చోటు ఎవరికీ చెప్పకండి. లొకేషన్ ఇదిగో." వచ్చే ఆదివారానికి అక్కడ బళ్లు నిలపడానికి చోటుండదు. అప్పుడు మూడు కార్ల బలగంతో దిగి, "జనం ఎక్కువైపోయి పాడుచేశారండీ" అంటారు. ఆ జనంలో సగం ఆయన బంధువులే.

ఎవరూ కాదనలేని అసలు ప్లేసు ఆయన దగ్గర ఒకటుంది. పాపికొండల లోపల కొల్లూరు, ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలు, రాత్రంతా గోదారి. "అదండీ క్యాంపంటే" అంటారు. అది మాత్రం నిజమే. పోలవరం దగ్గర నదికి అడ్డుకట్ట పడ్డాక నీళ్లు వెనక్కి నిలిచి ఆ తిన్నెలు మునిగాయి. వాటితోపాటు ఊళ్లూ మునిగాయి. ఆ ఊళ్లు వదిలి కాలనీల్లోకి వచ్చినవాళ్లు కూడా ఆ తిన్నెల మాటలు చెప్పుకుంటారు గానీ, వాళ్లెవరూ అసలు గారంత గట్టిగా నిట్టూర్చరు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, పొయ్యి మీద బొంగులు ఉండగా, అసలు గారు వాగు వెంట ఇంకో జలపాతానికి దారి తీశారు. రాళ్లెక్కి, ముళ్లు గీరుకుని చేరేసరికి అక్కడ ఇంకో జట్టు ఉంది. ఆ జట్టు మధ్యలో నుదుటికి లైటు కట్టుకున్న ఇంకొకాయన, "అబ్బే, ఇది కాదండీ..." అంటున్నారు.

"అసలుది ఇంకా పైనుంది!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఒకరినొకరు చూసుకున్నారు. అన్నదమ్ములు జాతరలో తప్పిపోయి దొరికినా అంత ఆనందం ఉండదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైకెళ్లిపోయారు. రెండు జట్లూ హాయిగా ఊపిరి పీల్చుకుని కిందికి దిగాయి. కుర్రాడు బొంగులు చీల్చి విస్తళ్లలో బోర్లించాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పొద్దు వాలాక అసలు గారు కుంటుకుంటూ వచ్చారు. పైన జలపాతం కనపడిందా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చికెన్ అయిపోయిందని తెలిసి, బూడిదలోంచి ఖాళీ బొంగు ఒకటి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చారు.

"ఇదండీ," అన్నారు, "అసలు బొంగు చికెన్!"