మూలం లేకున్నా మడి తప్పరాదు

పరిశోధన అనే మాటకు విశ్వవిద్యాలయ వ్యవస్థ ఆచరణలో ఇస్తున్న నిర్వచనాన్ని పరిశీలిస్తే, అది కొత్త విషయాన్ని కనుగొనడం కాదనీ, కనుగొన్నట్టు చెప్పుకున్న విషయం చివర చేర్చే జాబితాలో ఫుల్‌స్టాప్ కుండలీకరణానికి లోపల ఉండాలా బయట ఉండాలా అన్నది తేల్చుకోవడమనీ స్పష్టమవుతుంది. సిద్ధాంత వ్యాసపు చివరి పుటల్లో ఉండే ఈ జాబితాను తెలుగు శాఖలు ఉపయుక్త గ్రంథసూచి అంటాయి. తక్కిన శాఖలు రిఫరెన్సులు అని సరిపెట్టుకుంటాయి. ఇతరుల నుంచి ఒక అభిప్రాయాన్నో అంకెనో తీసుకున్నప్పుడు వాక్యం పక్కనే వేసే చిన్న గుర్తు ఒకటి, ఆ గుర్తును పట్టుకుని వెతుక్కోవడానికి వీలుగా రచయిత పేరు, సంవత్సరం, గ్రంథనామం, ప్రచురణకర్త వివరాలతో చివర ఇచ్చే పూర్తి పద్దు మరొకటి, ఈ రెండూ కలిస్తేనే ఆధార సూచన పూర్తవుతుంది. దీని ప్రయోజనం ఒక్కటే: చదివేవారికి అనుమానం వస్తే ఆ పుస్తకం తెరిచి, ఆ పుట తీసి, చెప్పింది నిజమో కాదో చూసుకోగలగాలి. ఈ ప్రయోజనం మరీ పాతబడిపోవడం వల్ల దాని ఊసు ఇప్పుడు ఎవరూ ఎత్తరు. చర్చంతా ఆకృతి గురించే.

ఆ ఆకృతులకు శైలులని పేరు పెట్టారు గాని, వాటిని పాటించేవారి నిష్ఠను చూస్తే సంప్రదాయాలు అనడమే సబబు. వీటిలో పేరుమోసిన హార్వర్డ్ పద్ధతి, అంటే వాక్యం పక్కనే కుండలీకరణంలో రచయిత పేరూ సంవత్సరమూ ఇచ్చే పద్ధతి, ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జంతుశాస్త్రవేత్త 1881లో గుల్ల లేని నత్త ఒకదాని గురించి రాసిన వ్యాసంతో మొదలైందని చెబుతారు. నత్త పుణ్యమా అని పుట్టిన పద్ధతి కాబట్టి పరిశోధనలు సాగే వేగం గురించి ఎవరూ ఫిర్యాదు చేయకూడదు. దీనికి ఏకైక అధికారిక నియమావళి అంటూ లేకపోవడంతో, ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తనదే అసలైన హార్వర్డ్ అని ప్రకటించుకుంటూ ఉంటుంది. షికాగో సంప్రదాయపు నియమావళి 1906లోనూ, ఎంఎల్‌ఏ సంప్రదాయానిది 1951లోనూ అచ్చులోకి వచ్చాయి. (రెండవదానికీ శాసనసభ్యులకూ సంబంధం లేదు, ఇది అమెరికాలోని ఆధునిక భాషా పండితుల సంఘానిది.) 1978లో వైద్య పత్రికల సంపాదకులు కొందరు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై మరో శాఖకు అంకురార్పణ చేశారు, ఇందులో వాక్యం పక్కన అంకె మాత్రమే వేసి, చివర అదే అంకె కింద వివరాలు ఇస్తారు.

అన్నిటికంటే ఎక్కువ మంది భక్తులున్నది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి పద్ధతికి, అంటే ఏపీఏకి. 1929లో ఈ సంఘం పత్రికలో రచయితలకు ఇచ్చిన సూచనలు 7 పుటల్లో ముగిశాయి. 2019లో వెలువడిన 7వ కూర్పు 400 పుటలు దాటింది. తొంభై ఏళ్లలో మనిషి మనసు గురించి ఎంత కొత్తగా తెలిసిందన్నది వాదించుకోవలసిన విషయమే గాని, కామా గురించిన జ్ఞానం మాత్రం ఏభై రెట్లకు పైగా పెరిగిందనడానికి ఇది తిరుగులేని రుజువు. మధ్యలో 2009 నాటి 6వ కూర్పు మొదటి ముద్రణలోనే తప్పులు దొర్లి, నమూనాగా ఇచ్చిన వ్యాసాల్లో సైతం సంఘం తన నియమాలను తానే ఉల్లంఘించిందని గగ్గోలు రేగి, చివరకు దిద్దిన ప్రతులను కొన్నవారికి మార్చి ఇవ్వవలసి వచ్చింది. దీనివల్ల భక్తుల విశ్వాసం ఏమాత్రం సడలలేదు.

ప్రచురణ స్థలం సంగతి ఇంకా ముచ్చటైనది. పుస్తకం ఏ ఊళ్లో ప్రచురితమైందో తప్పనిసరిగా ఇవ్వాలన్న నియమం కింద, మద్రాసులో అచ్చయి, విజయవాడలో ప్రచురణకర్త ఉండి, హైదరాబాదు చిరునామా ముద్ర పడిన పుస్తకానికి ఏ ఊరి పేరు రాయాలో తెలియక తెలుగు పరిశోధకులు తరాల తరబడి నిద్ర మానుకున్నారు. ఏపీఏ 2019లోనూ, షికాగో 2024లోనూ ఆ వివరం అవసరం లేదని చెప్పి ఊరుకున్నాయి. ఊరి పేరు రాయనందుకు వెనక్కి పంపిన వ్యాసాలనూ, రాసినందుకు ఇప్పుడు వెనక్కి పంపుతున్న వ్యాసాలనూ ఒకే పర్యవేక్షకుడు ఒకే ఎర్ర పెన్నుతో దిద్దుతూ ఉండటంలో వైరుధ్యమేమీ లేదు. మడికి కాలాన్ని బట్టి వస్త్రం మారుతుంది గాని, ముట్టుకుంటే మైలపడడం మారదు.

ఈ సంప్రదాయాలన్నీ తెలుగు పేరు ఎదురైనప్పుడు చేసే పని ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది. మనిషి పేరులో చివరి ముక్క ఇంటిపేరు అవుతుందనీ, దాన్ని ముందుకు తెచ్చి తక్కినవాటిని పొడి అక్షరాలుగా కుదించాలనీ ఏపీఏ విధిస్తుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందే ఉంటుంది కనుక, ముందున్నది వెనక్కీ వెనకున్నది ముందుకీ పోయి, సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇంగ్లీషు వ్యాసాల చివర “రెడ్డి, ఎస్. పి.” అనే ఒకానొక వ్యక్తి ఖాతాలో జమ అవుతుంది. ఇంటిపేరైన సురవరం ఒక్క అక్షరానికి కుంచించుకుపోగా, పేరు చివరి తోక వంశనామంగా పట్టాభిషేకం పొందుతుంది. విశ్వనాథ సత్యనారాయణ “సత్యనారాయణ, వి.” అయి, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లోని అసంఖ్యాకులైన సత్యనారాయణలలో కలిసిపోతారు. శ్రీశ్రీని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే “శ్రీ, ఎస్.” అని తిరిగి ఇస్తుంది, అంటే మహాకవిలో సగం వంశం, సగం పొడి అక్షరం. ఇక “రావు, కె.” అనే పద్దు కింద కథకులు, ఆర్థికవేత్తలు, పశువైద్యులు, నీటిపారుదల ఇంజినీర్లు ఒకే మనిషిగా దర్శనమిస్తారు. ఆ మనిషి బహుముఖ ప్రజ్ఞకు నోబెల్ బహుమతి ఎందుకు రాలేదో తెలియదు.

ఈ చిక్కును ఎవరూ ముందుగా చూడలేదని అనుకోవడానికి వీల్లేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్, గ్రంథాలయ సూచిక తయారీకి 1934లో తొలిసారి వెలువరించిన నియమావళిలో, దక్షిణాది పేర్లలో చివరి మాట కులాన్ని మాత్రమే సూచించేదైతే దాన్ని ఒంటరిగా ముందుకు లాగకుండా, దాని ముందున్న మాటతో కలిపే ఎక్కించాలని చెప్పారు. ఆ ప్రకారం ప్రతాపరెడ్డి ప్రతాపరెడ్డిగానే ఉంటారు, సురవరం పక్కనే ఉంటుంది. ఆ నియమం మద్రాసులో పుట్టింది, ఇంగ్లీషులోనే అచ్చయింది. ఏపీఏ లాగా వాషింగ్టన్ నుంచి రాకపోవడం తప్ప దానిలో వేరే లోపం లేదు.

తెలుగులోనే రాసే సిద్ధాంత వ్యాసాలకు ఈ బాధ లేదని సంతోషించేలోపు మరో బాధ ఎదురవుతుంది. గ్రంథసూచిని అకారాది క్రమంలో, అంటే వర్ణమాల వరుసలో, పేర్చాలి. విశ్వవిద్యాలయాల గేట్ల ఎదుట ఉండే డీటీపీ, జిరాక్స్ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు కంటికి తెలుగే గాని, కంప్యూటర్ లోపల అది ఇంగ్లీషు అక్షరాలూ చిహ్నాలూ కలిసిన కలగాపులగం. వరుసలో పేర్చమని కంప్యూటర్‌ను అడిగితే ‘అ’ తర్వాత ‘ఆ’ రావాలన్న సంగతి దానికి తట్టదు. అందువల్ల అకారాది క్రమాన్ని నిర్ణయించే అధికారం అంతిమంగా డీటీపీ ఆపరేటర్‌కు దక్కింది. ఆయన అనుభవజ్ఞుడు. నిరుటి పరిశోధకుడి గ్రంథసూచి ఆయన కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది, ఈ ఏటి పరిశోధకుడి అంశం దానికి దగ్గరిదే అయి ఉంటుంది, సంక్రాంతి లోపు బైండింగు పూర్తి కావాలి. పాత జాబితాలో నాలుగు పద్దులు తీసి ఆరు చేర్చితే పని అయిపోతుంది. బంగారు అక్షరాల అట్ట తొడిగాక, ఆ పుస్తకాలను ఎవరు చదివారన్న ప్రశ్న అడగడం అమర్యాద.

ఇది తెలుగు నేలకే పరిమితమైన ప్రతిభ అనుకుంటే పొరపాటు. 1973 నాటి పేరొందిన భౌతికశాస్త్ర వ్యాసం ఒకదాన్ని ఉదహరించిన 4,300 సందర్భాలను సిమ్కిన్, రాయ్‌చౌదరి అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితం ప్రకారం, వాటిలో 196 చోట్ల సంపుటం అంకెలోనో పుట అంకెలోనో తప్పులున్నాయి. విచిత్రమేమంటే అన్ని తప్పులలోనూ వేర్వేరు తప్పులు 45 మాత్రమే, ఒకే తప్పు పుటసంఖ్య 78 సార్లు పునరావృతమైంది. డెబ్భై ఎనిమిది మంది స్వతంత్రంగా ఒకే పొరపాటు చేయడం కన్నా, ఒకరి జాబితాను మరొకరు ఎక్కించుకోవడం సులభం కాబట్టి, ఉదహరించేవారిలో మూలాన్ని నిజంగా చదివేవారు సుమారు 20 శాతమేనని వారు లెక్కగట్టారు. 20 శాతం అన్నది తమ శాఖకు వర్తించదని, అది మరీ ఎక్కువని, ఆత్మగౌరవం గల అధ్యాపకుడు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

చదవకుండా ఉదహరించడం ఒక మెట్టు. లేనిదాన్ని ఉదహరించడం దాని పై మెట్టు. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ తన పత్రికలకు రాసేవారి కోసం ఇచ్చిన సూచనల్లో, పద్దు ఎలా ఉండాలో చూపించడానికి, శాస్త్రీయ వ్యాసం రాసే కళ గురించి వాన్ డెర్ గీర్ తదితరులు 2000 సంవత్సరంలో రాసినట్టుగా ఒక నమూనా పద్దును పొందుపరిచింది. ఆ వ్యాసం లేదు, అది వచ్చినట్టు చూపిన పత్రిక సంపుటమూ లేదు. నింపవలసిన దరఖాస్తులో ఉదాహరణకు రాసి చూపే పేరు లాంటిదే అది. అయినా అది దాదాపు 400 సార్లు ఉదహరింపబడిందని నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ క్రూనెన్‌బర్గ్ గమనించగా, లండన్‌లోని ఆచార్యురాలు ఆన్-విల్ హార్జింగ్ 2017లో ఆ ఉదంతాన్ని వెలుగులోకి తెచ్చారు. రచయితలు నమూనాను చెరిపివేయడం మరిచిపోయారు. సమీక్షకులు చూడలేదు, సంపాదకులు చూడలేదు, ఉదహరణలను లెక్కించే యంత్రం మాత్రం శ్రద్ధగా లెక్కించింది. ఉన్న వ్యాసాలు రాసి ఒక్క ఉదహరణకూ నోచుకోని లక్షలాది పండితులు ఈ లేని పండితుడికి నమస్కరించవలసిందే. ఆకృతి దృష్ట్యా ఆ పద్దులో ఒక్క దోషం కూడా లేదని వేరే చెప్పనక్కరలేదు.

దీనికి పూర్తి భిన్నంగా, మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడుగా చెప్పే మల్లినాథ సూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ముందుగానే మాట ఇచ్చాడు. ఇంతటి కఠిన నియమం పెట్టుకున్న వ్యక్తికి ఈనాడు పీహెచ్‌డీ ప్రవేశం లభించినా పుటల సంఖ్య చాలక వ్యాసం తిరిగి వచ్చేది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని నిందించడం అన్యాయం. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి 2018లో నిబంధనలు తెచ్చింది. వీటి ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు, 60 శాతం దాటితే పరిశోధకుడి నమోదు రద్దవుతుంది; మధ్యలో ఉన్నవారు తిరిగి రాసుకోవాలి, లేదా ఏడాది ఆగాలి. పదింట ఒక వంతు దొంగతనాన్ని చట్టబద్ధం చేశారని గిట్టనివారు అంటారు గాని, అసలు విశేషం మినహాయింపుల్లో ఉంది. పోలికను లెక్కించేటప్పుడు విషయసూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను, రిఫరెన్సులను, గ్రంథసూచిని పక్కన పెట్టాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఒకే పుస్తకం పద్దు ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ మినహాయింపు న్యాయమైనదే. అయితే సిద్ధాంత వ్యాసం మొత్తంలో ఎంత ఎక్కించుకున్నా లెక్కకు రాని భాగం ఏదో కూడా దానివల్ల అందరికీ తెలిసిపోయింది. అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసమైతే ఆ మినహాయింపు కూడా అక్కరలేదు. పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు అందులో తెలుగే కనిపించదు కనుక, వ్యాసం ఆసాంతం స్వతంత్ర రచనగా తేలడంలో వింత లేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి డీటీపీ ఆపరేటర్ పొట్ట కొడుతోంది. అది కోరిన శైలిలో, కోరినన్ని పద్దులను, రచయిత పేరు, సంవత్సరం, సంపుటం, పుటసంఖ్యలతో సహా క్షణంలో అందిస్తుంది. వాటిలో కొన్ని లోకంలో ఎక్కడా లేకపోవడం ఒక్కటే తేడా. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఒక విమానయాన సంస్థ మీద ప్రయాణికుడు వేసిన దావాలో, అతని న్యాయవాదులు చాట్‌జీపీటీ సృష్టించిన లేని తీర్పులను ఉదహరించారు. ఒక తీర్పుకు ఇచ్చిన సంపుటాన్ని తెరిచి ఆ పుట తీస్తే వేరే కేసు కనిపించింది. ఆ తీర్పుల ప్రతులు సమర్పించమని కోర్టు ఆదేశిస్తే, యంత్రం చేతనే ప్రతులు కూడా తయారు చేయించి సమర్పించారు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. ఇది బయటపడటానికి కారణం సులభంగానే తెలుస్తుంది: కోర్టులో అవతలి పక్షం న్యాయవాదులు ఉంటారు, ఎదుటివారు ఉదహరించిన ప్రతి తీర్పునూ వెతికి చూడడం వారికి జీతమిచ్చే పని.

సిద్ధాంత వ్యాసానికి అవతలి పక్షం ఉండదు. ఉండేది బయటి విశ్వవిద్యాలయం నుంచి మౌఖిక పరీక్షకు వచ్చే పరీక్షకుడు ఒక్కరే; భోజన విరామానికి ముందు ఆయన గ్రంథసూచిని తిరగేయడం నిజమే గాని, అందులో ఆయన వెతికేది తన పేరును మాత్రమే. పరిశోధకుడికి ఆ రహస్యం తెలుసు కాబట్టి ఆయన గ్రంథాలు మూడింటిని చేర్చే ఉంటాడు. అయితే ఏపీఏ నియమం మేరకు అవి ‘రావు’ కింద చేరడంతో, పరీక్షకుడు అక్కడున్న పదకొండు మంది రావులలో తానెవరో తేల్చుకోలేక, కామాలు సరిగా లేవని ఒక వాక్యం రాసి, సవరణలకు లోబడి పట్టా ఇవ్వవచ్చని సంతకం పెడతాడు.