ఆ నాలుగూ

2019 ఏప్రిల్ చివర్లో నాన్న మొదటిసారి అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంటికొచ్చారు. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. బాస్కెట్‌బాల్ చూడ్డం అదే మొదలు. అయినా వారియర్స్ జట్టు ఆట ఓ అరగంట చూసి, అడగాల్సిందే అడిగారు.

"కర్రీ, డ్యురాంట్, థాంప్సన్, గ్రీన్... ఈ నలుగురూ ఉండగా ఇక ఆ సూటాయన దేనికిరా?"

సూటాయన అంటే కోచ్ స్టీవ్ కెర్.

"అలా తీసిపారేయకండి నాన్నా. 2013-14లో ఈ జట్టు 51 ఆటలు గెలిచింది. మరుసటి సీజనుకి కెర్ వచ్చాడు. ఆ సీజన్లో 67 గెలిచి, టైటిలూ కొట్టారు. డ్యురాంట్ అప్పటికింకా రానేలేదు. ఆడింది దాదాపు పాతవాళ్లే."

"మరి ఈయన లేకపోతే ఓడిపోతారా?"

అక్కడ దొరికిపోయాను. జరిగింది చెప్పక తప్పలేదు. 2015-16 సీజను మొదలయ్యేనాటికి కెర్ వెన్ను ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. అసిస్టెంటు లూక్ వాల్టన్ ఇన్‌ఛార్జిగా జట్టుని నడిపాడు. మొదలుపెట్టడమే వరసగా 24 గెలుపులు. ఎన్‌బీఏ లీగులో అలాంటి ఆరంభం అంతకుముందు ఏ జట్టుకీ లేదు. జనవరిలో కెర్ తిరిగొచ్చేసరికి 43 ఆటల్లో 39 గెలిచేశారు.

"చూశావా! ఎడ్లు మంచివైతే బండి ఎవరు తోలితేనేం?"

"ఆ వాల్టనే తర్వాత లేకర్స్‌కి కోచ్‌గా వెళ్లాడు నాన్నా. మూడు సీజన్లలో 98 గెలిచి 148 ఓడాడు. ఆఖరి ఏడు లెబ్రాన్ జేమ్స్ అంతటి ఆటగాడు వచ్చినా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. లెబ్రాన్‌కి మధ్యలో గాయమైందనుకోండి."

నాన్న ఆ మాట వింటున్నట్టు లేదు. ఆయన మనసు ఇంకెక్కడో ఆగింది.

"ఇన్‌ఛార్జి అన్నావు కదూ? ఆ 39 ఎవరి పేరున రాశారు?"

"కెర్ పేరున. రూలంతే. వాల్టన్ లెక్కలో సున్నా. ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డూ కెర్‌కే."

"సెలవులో ఉన్నాయనకా!"

"మిగతా సీజను ఆయనే నడిపాడులెండి. మొదటి నెల ఉత్తమ కోచ్‌గా మాత్రం వాల్టన్‌నే ఎంచారు."

"అంటే ప్రశంసాపత్రం. ఆగస్టు 15న మాకూ ఇచ్చేవారు."

ఆయన సర్వీసులో చాలా ఏళ్లు ఇన్‌ఛార్జిగానే గడిచాయని అమ్మ చెబుతుండేది. పటం కట్టిన ఆ ప్రశంసాపత్రాలు ఊళ్లో మా ఇంటి హాల్లో మూడున్నాయి. అనవసరంగా ఈ కథ ఎత్తానేమోననిపించింది.

"సరే, గెలిచినవి ఆయనకి రాశారు. ఓడిన నాలుగో?"

"అవీ కెర్ ఖాతాలోకే."

"నాలుగూనా?"

"నాలుగూ."

టీవీలో కెర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని ఆయన వంక మొదటిసారి గౌరవంగా చూశారు.

"గొప్ప దేశంరా," అన్నారు. "మా ఆఫీసులో ఆ నాలుగే నావి."